బ్రహ్మదేవుడు చెప్పినా

ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియో, మిట్టమధ్యాహ్నం. గాజు కిటికీకి ఇటు డాక్యుమెంటరీ డైరెక్టరు ప్రణతి, రికార్డింగ్ చూసే సాయి; అటు మైకు ముందు సబ్‌స్టేషన్ ఆపరేటరు రాఘవేంద్ర. తెర మీద కరెంటు స్తంభం పక్కన నిలబడి, చప్పుడు లేకుండా మాట్లాడుతున్నవాడు లైన్‌మన్ మౌళి. అతను స్తంభం మీద కరెంటు కొట్టి పోయి రెండు నెలలైంది.

"...పెదవులు చూసుకోండి రాఘవేంద్రగారూ. ఆయన ఆగినచోట మీరూ ఆగాలి. అంతే."

"చూస్తున్న మేడం."

"షూటింగ్ రోజున పక్కన జనరేటర్ వ్యాను పెట్టారు. ఆయన మాట ఒక్కటీ సరిగ్గా పడలేదు. నీళ్లు కావాలా?"

"వద్దు. కానియ్యుండ్రి."

"సాయీ, మొదటి ముక్క వెయ్. ఊఁ, చెప్పండి."

"'కరెంటు పోతే దవాఖాన ఆగుతది, దుకాణం ఆగుతది, ఫ్యాక్టరీ ఆగుతది. దేశం నడవాల్నంటే మేము స్తంభం ఎక్కాలె.'"

"బాగుంది. కాస్త నవ్వుతూ చెప్పాలి. అక్కడ ఆయన నవ్వుతున్నారు."

"నవ్వుతనే ఉంటడు. ఎప్పుడూ గంతే."

"నేను రాసిచ్చింది వేరు. 'దేశ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక మేమే' అని. 'గిది నా నోట్లె పట్టదు మేడం' అని మార్చేశారు."

"పట్టదు ఆయనకు."

"ఇంకోసారి చేద్దామా, నవ్వుతూ?"

"నవ్వు రాదు. గట్లనే ఉంచుండ్రి."

"సరే. సాయీ, ఉంచెయ్. కృష్ణానగర్ నుంచి ముగ్గురు ఆర్టిస్టుల్ని పిలిపించానండీ. యాస పట్టుకున్నారు గానీ మనిషి రాలేదు. చివరికి నాగేశ్వరిగారే మీ పేరు చెప్పారు."

"వదినె చెప్పిందా?"

"'మా ఆయన గొంతు రాఘవకే వస్తది. పదిహేనేండ్లు రోజూ ఫోన్ల మాట్లాడుకున్నరు' అన్నారు. మీకూ ఫోన్ చేశారటగా?"

"చేసింది. ఎత్తలే."

"ఎందుకని?"

"డ్యూటీల ఉన్న."

"ఆవిడ ఉద్యోగం సంగతి ఏమైంది?"

"కాలే. తప్పు మౌళన్నదేనని తేల్చిండ్రు. సొంత తప్పుకు ఇంటోళ్లకు నౌకరి ఇయ్యరంట."

"ఏం తప్పు?"

"రెండో ముక్క ఎయ్యుండ్రి మేడం."

"వెయ్ సాయీ."

"'షేక్‌పేటల పొద్దున మోటర్లు నడవక నీళ్లు రాకపోతే జనం ఫస్టు మమ్మల్నే తిడ్తరు. వచ్చినంక ఎవ్వరికీ యాదికుండం. యాదికి లేకుంటేనే పని మంచిగ నడుస్తున్నట్టు.'"

"ఒక్క టేకులో చెప్పేశారు. మీరు సినిమాల్లోకి రావలసిందండీ."

"ఇంకెన్ని ఉన్నయి?"

"ఒక్కటే. ఫిల్ము మొత్తానికి అదే ప్రాణం. కాగితం చూశారుగా?"

"చూసిన."

"వెయ్ సాయీ. ...రాఘవేంద్రగారూ? ఆయన మాట్లాడేశారు, మీరు మొదలే పెట్టలేదు."

"మల్ల ఎయ్యుండ్రి."

"ఊఁ. ఇప్పుడు."

"'స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్త. రాఘవా, లైన్ బంద్ చెయ్ అంట. బంద్ చేసి ఒక నంబర్ ఇస్తడు. పని అయ్యి కిందికి దిగినంక నేనే ఫోన్ చేసి ఆ నంబర్ మల్ల చెప్పాలె. నేను చెప్పేదాక...'"

"చెప్పండి."

"నేను చెప్పేదాక..."

"'బ్రహ్మదేవుడు చెప్పినా మా రాఘవ స్విచ్ ఎయ్యడు.' అంతే కదండీ. మీ గురించేనని మొహమాటమా?"

"గా ముక్క తీసెయ్యుండ్రి."

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?"

"తీసెయ్యుండ్రి మేడం."

"ఆ రోజు కూడా ఆయన ఫోన్ చేశాకే కదా మీరు లైన్ వేసింది?"

"రిజిస్టర్ల గట్లనే ఉన్నది."

"దిగకుండానే దిగానని చెప్పారా? అంత జాగ్రత్త మనిషి?"

"రిజిస్టర్ల గట్లనే ఉన్నది."

"నేనడిగేది మిమ్మల్నండీ. రిజిస్టర్ని కాదు."

"జూబ్లీహిల్స్‌ల ఎవరింట్లనో ఫంక్షన్ ఉండె. కరెంటు లేదని ఫోన్ మీద ఫోన్. మా పైఆయన ఫోన్లకొచ్చిండు. 'మౌళి దిగిండు, నేను చూసిన, ఎయ్' అన్నడు."

"నంబరు చెప్పాడా?"

"అడగలే."

"మౌళిగారి గొంతు?"

"ఇనలే. ఏసిన. ఆయన ఇంకా మీదనే ఉండె."

"మరి రిజిస్టర్లో..."

"'మౌళి ఫోన్ చేసి నంబర్ చెప్పిండు' అని రాసిన. నా రాతే. పైఆయన చెప్తనే ఉన్నడు, నేను రాస్తనే ఉన్న."

"ఎందుకు రాశారండీ?"

"తెల్వదు. ఆ చెయ్యి నాది కానట్టే ఉండె. ఇప్పటికీ గంతే. అన్నం తింట, డ్యూటీకి పోత, పండుకుంట. ఏడుపు గూడ వస్తలేదు. వదినె ఫోన్ వస్తే చూస్కుంట కూసుంట, అది ఆగేదాక. ఆయన ఫోను ఆ రోజు కింద బండి డిక్కీలనే ఉండె. దాన్ని వదినెకే అప్పజెప్పిండ్రు. దిగినని నాకు చేసిన ఫోన్ అండ్ల లేదు."

"...సాయీ, రికార్డింగ్ ఆపు."

"ఆపకుండ్రి. ఇంకా నడుస్తున్నదా?"

"నడుస్తోంది. కానీ ఇది బయటికొస్తే మీ ఉద్యోగం..."

"పోతది. మౌళన్న బొమ్మ జర బంద్ చెయ్యుండ్రి. ఆయన అనని మాట అన్నడని ఒకపారి రాసిన. మల్ల ఆయన నోట్లె మాట పెట్ట. గిది నా మాట. నా పేరు రాఘవేంద్ర. ఆ పొద్దు మౌళన్న దిగినని ఫోన్ చెయ్యలే. లైన్ ఏసింది నేను, తప్పు రాసింది నేను. అయిపోయింది. గిది వదినెకు ఇనిపియ్యుండ్రి."

"రాఘవేంద్రగారూ."

"ఆఁ."

"ఈ కాగితం చదివి మీ పేరు చెప్పిన రోజు ఆవిడ ఇంకో మాట కూడా అన్నారండీ, నాకప్పుడు అర్థం కాలేదు. 'ఆఖరి మాట కాడ రాఘవ ఆగుతడు. ఆగితే ఏమనకుండ్రి మేడం. మైకు మటుకు బంద్ చెయ్యకుండ్రి' అన్నారు."