ఐదేళ్ళ పిల్లలు లేని ఊరు

1988 జనవరి 9న మా జిల్లా గణాంక కార్యాలయంలో జూనియర్ సహాయకుడిగా చేరిన నా మిత్రుడు, ఎనిమిది నెలలు తిరక్కుండానే, మన జిల్లాలో ఒక ఊళ్ళో ఐదేళ్ళ పిల్లలు ఒక్కరు కూడా లేరని కనిపెట్టారు.

మా కార్యాలయం పదేళ్ళకోసారి సొంతంగా తీసే జిల్లా జనాభా లెక్కలు ఆ ఏడు అప్పుడే పూర్తయ్యాయి. ఊరూరి నుంచీ వచ్చిన పత్రాలు చూసి, ఏ వయసు వాళ్ళు ఎంతమందో తేల్చి, పల్లెలకొక పట్టిక, పట్టణాలకొక పట్టిక రాసే పని ఆయన బల్ల మీద పడింది. ఆ ఊరి వరసలో నాలుగేళ్ళ పిల్లలు నలభై నలుగురు. ఆరేళ్ళ పిల్లలు డెబ్బై తొమ్మిది మంది. నడుమ ఐదు దగ్గర సున్నా.

ఆనాటి మా అధికారి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశారట. ఆ తర్వాతి మాటలు మా టైపిస్టు అక్కయ్యగారు చెవులారా విన్నవి. అడిగితే ఇప్పటికీ ఇద్దరి గొంతులతోనూ చెబుతారు.

“ఏమయ్యా, ఐదేళ్ళ పిల్లల్ని ఎవరైనా మింగేశారా? ఏ జబ్బో చేసి పోయారా?”

“జబ్బు అంత నికరంగా వయసు చూసుకుని రాదు సార్. ఇది మనిషి చేసిన పనే.”

“ఎవరా మనిషి?”

“వెళ్ళి చూసొస్తాను.”

“వారంలో పట్టిక అచ్చుకి పోవాలి. ఆ సున్నా అలాగే అచ్చయితే ఊరి మీద విచారణ వేస్తారు. లేదంటే మన మీద వేస్తారు. ఏదో ఒకటి తేల్చుకురా.”

మూడో రోజు మధ్యాహ్నం ఆయన తిరిగి వచ్చారు. మోకాళ్ళ దాకా దుమ్ము. కూర్చోమన్నా కూర్చోలేదట.

“తప్పు నాదే సార్. ఐదో గడిలో వేయాల్సిన నలభై ఒక్క మందిని ఎక్కించేటప్పుడు ఆరో గడిలో వేశాను. ఐదేళ్ళ వాళ్ళు నలభై ఒక్కరు, ఆరేళ్ళ వాళ్ళు ముప్పై ఎనిమిది మంది. దిద్దుకుంటాను.”

అధికారి ఊపిరి పీల్చుకున్నారు. తప్పు ఒప్పుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా పాత కాగితాలు ఎవరు తిరగేస్తారు? పట్టిక సరైంది, వేళకి అచ్చయింది. మిత్రుడి సర్వీసు పుస్తకంలో మాత్రం ‘విధి నిర్వహణలో అజాగ్రత్త’ అని ఒక మెమో అతికించారు. ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. ఆయన తర్వాత పది నెలలకి చేరిన నేను, ఆ దెబ్బతో, సీనియారిటీ జాబితాలో ఆయన కంటే ఒక మెట్టు పైకి వెళ్ళాను. ఈ కార్యాలయానికి నేను అధికారిని కావడానికీ, ఆయన సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయడానికీ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క కాగితమే.

అంత అజాగ్రత్త చేసిన మనిషికి మేమంతా పెట్టుకున్న పేరు ‘దశాంశం గారు’. అంకెని సరిపెట్టడం, గుండుగుత్తగా చెప్పడం ఆయన వల్ల కాదు. ఎంత దూరం అని అడిగితే మూడు పాయింట్ నాలుగు కిలోమీటర్లంటారు. “మా ఆయన కూరలో ఉప్పు ఎక్కువైందనరండీ, ఎంత ఎక్కువైందో చెబుతారు. అలాంటి మనిషి ఆ ఒక్కసారి అంత తప్పు ఎలా చేశారో నాకిప్పటికీ అర్థం కాదు” అని వదినగారు నాతో కనీసం పదిసార్లు అని ఉంటారు. నాకూ అర్థం కాలేదు. కానీ పైమెట్టు మీద నిలబడ్డవాడికి అలాంటి ప్రశ్నలు తొందరగా గుర్తుకు రావు.

1993లో ఆయనను వయోవిభజన విభాగానికి మార్చారు. ఆ తర్వాత ఆయన మరో విభాగం కోరలేదు, ఆ విభాగం మరో మనిషిని కోరలేదు. పైఅంతస్తులో, సైకిల్ రిపేరు దుకాణం వైపు తెరుచుకునే కిటికీ పక్కన, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ఏటిరాళ్ళు పెట్టుకున్న పొడవాటి బల్ల ఆయనది. జిల్లా జనమంతటినీ ఆయన ఒక మేడగా గీసేవారు. అడుగు అంతస్తులో ఏడాది నిండని పసివాళ్ళు, పైపైకి వెళ్ళేకొద్దీ పెద్దవాళ్ళు, చిట్టచివరి చిలకగూడులాంటి గదిలో తొంభై దాటిన నలుగురైదుగురు. ఏటా అందరూ ఒక్కో అంతస్తు ఎక్కుతారు, దిగేవాళ్ళు ఉండరు. సాయంత్రపు ఎండ ఆ గీతల కాగితం మీద వాలినప్పుడు ఒక్కో అంతస్తులో దీపాలు వెలుగుతున్నట్టే ఉండేది. ఏ గదిలో ఎవరు తల దువ్వుకుంటున్నారో, ఏ గదిలో ఎవరు దగ్గుతున్నారో ఆయనకి వినబడుతున్నదని నేను నమ్మేవాణ్ణి.

పల్లెల మేడకి నడుము సన్నం. ఇరవై నుంచి ముప్పై అయిదు దాకా అంతస్తులు లోపలికి నొక్కుకుపోయి ఉంటాయి. పట్టణాల మేడకి సరిగ్గా అక్కడే పొట్ట. ఒకనాడు దశాంశం గారు రెండింటినీ పల్చటి ట్రేసింగ్ కాగితం మీదకి ఎక్కించి, కిటికీ అద్దానికి ఆనించి, ఒకదాని పక్కకి ఒకటి జరిపారు. పల్లె నొక్కులో పట్నం పొట్ట పగిలిన కుండ పెంకులా అతికింది. ఆయన చాలాసేపు ఆ అద్దం ముందే నిలబడ్డారు. కింద దుకాణంలో ఎవరో చక్రం తిప్పి వదిలేశారు. అది ఆగాక ఆయన కాగితాలు మడిచారు.

1998 లెక్కల్లో ఆయన వెంట నేనూ ఊళ్ళు తిరిగాను. పల్లెల్లో యాభై తర్వాత అరవయ్యే, నడుమ తొమ్మిదేళ్ళు ఎవరూ బతకరు. పట్నంలో ముప్పై తొమ్మిది దగ్గర మేడమెట్లు విరిగిపోయినట్టు జనం అక్కడే ఆగిపోతారు. ఈ రెండు జబ్బులకీ ఆయన దగ్గర ఓపికే మందు.

“ఎన్నేళ్ళమ్మా నీకు?”

“రాసుకో నాయనా, నీకెంత కావాలో.”

“నాక్కాదమ్మా, నీకెంతో చెప్పు. పెద్ద వరద వచ్చినప్పుడు నువ్వెంత ఉన్నావు?”

“నీళ్ళు నా నడుం దాకా వచ్చినయ్. మా అమ్మకి మోకాళ్ళు దాటినయ్.”

ఆయన లేచి, ధాన్యం కొట్టు గోడ మీద ఇంకా మిగిలిన నీటి మరక దాకా టేపు పెట్టి కొలిచారు. ఆ ఎత్తున నడుమున్న పిల్లకి ఆరేళ్ళుంటాయి. వరద వచ్చి యాభై ఒక్కేళ్ళని వేళ్ళు ముడిచి లెక్క వేసి, “నీకు యాభై ఏడమ్మా” అన్నారు.

“అరవై కాదూ? ఓలమ్మో, మూడేళ్ళు మిగిలినయ్!” అని ఆవిడ చేతిలో చేట కింద పెట్టి నవ్వింది. ఆ మూడేళ్ళూ తానే ఇచ్చినంత సంబరపడ్డారు మా దశాంశం గారు.

2008లో కంప్యూటర్లు వచ్చాయి. పట్టికలు వాటంతటవే తయారయ్యే రోజుల్లో కూడా ఆయనది ఒక అలవాటు, మేమెవరం ప్రశ్నించనిది. ప్రతి పదేళ్ళకీ కొత్త లెక్కలు రాగానే అన్నిటికంటే ముందు ఆ ఊరి కాగితమే, నాడు ఐదేళ్ళ పిల్లలు మాయమైన ఊరి కాగితమే, బయటికి తీయించేవారు. అందులోనూ చదువుకున్న ఆడవాళ్ళ వయసులు. వేలితో ఒక అంతస్తు దగ్గర ఆగి, తనలో తాను నవ్వుకుని, కాగితం మడిచేసేవారు. తన తప్పు గుర్తు చేసుకుంటున్నారు కాబోలనుకునేవాళ్ళం.

క్రిందటి నెలలో రికార్డు గది కొత్త భవనానికి మారింది. పాత కట్టలు దింపిస్తుండగా 1988 నాటి ఆ ఊరి కట్ట నా చేతికొచ్చింది. ఊరికే తాడు విప్పాను. ఊరి లెక్కలు రాసిన ఎన్యూమరేటరు సంతకంతో ఉన్న అసలు పత్రం. నీలం సిరా, గుండ్రటి దస్తూరీ. ఐదు దగ్గర సున్నా. ఆరు దగ్గర డెబ్బై తొమ్మిది.

అక్కడే మెట్టు మీద కూర్చుని ఆ వరస మళ్ళీ చదివాను. ఎక్కించడంలో తప్పు లేదు. ఉన్నది ఉన్నట్టే దించారు. చేయని తప్పుకి ఆయన ముప్పై ఏడేళ్ళు మోసిన మెమో అది. దాని మీద నిలబడి నేను అధికారినయ్యాను.

ఆ కాగితం తీసుకుని తిన్నగా కిటికీ పక్క బల్ల దగ్గరకి వెళ్ళాను.

“ఇదేమిటి?”

“ఆఫీసరు గారికి చదవడం రాకపోతే నేనేం చేసేది?”

“వేళాకోళం వద్దు. నెలాఖరుకి మీరు వెళ్ళిపోతున్నారు. ఈలోగా ఆ మెమో కొట్టేయించాలి. ఇదిగో సాక్ష్యం.”

“కొట్టేయిస్తే ఏమవుతుంది?”

“మీ పేరు శుభ్రమవుతుంది.”

“నా పేరా? దశాంశమేగా. దానికేం మరకలేదు.”

“అసలు తప్పు ఎవరిదో నాకు తెలియాలి.”

ఆయన ఏటిరాయి తీసి ఆ కాగితం మీద పెట్టారు. సంతకం మీద వేలు ఆనించారు. అప్పుడు చెప్పారు. ఈ వీడ్కోలు సంచికలో రాయడానికి అనుమతి అడిగితే, రెండు షరతుల మీద ఇచ్చారు. మెమో ఉన్నచోటే ఉండాలి. ఒప్పుకోలు ఆయన మాటల్లోనే అచ్చు కావాలి, ఒక్క ముక్క కూడా నేను సరిపెట్టకూడదు.

అందుకని నా వంతు మాట ముందుగానే చెప్పి తప్పుకుంటాను. మిత్రమా, మీరు గీసిన మేడలో మీరిప్పుడు అరవై దాటిన అంతస్తులో ఉన్నారు. అక్కడి నుంచి పైన ఉన్న ప్రతి గదిలోనూ వదినగారితో కలిసి, మోకాళ్ళు నొప్పిలేకుండా, కళ్ళు మసకబారకుండా, ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా నిదానంగా నడిచి, ఆ చిలకగూడు గదికి చేరి, కిటికీ తెరిచి మమ్మల్నందరినీ పేరుపేరునా పిలవాలని మీ సహోద్యోగులందరి తరఫునా, మీ కంటే ఒక మెట్టు పైన ఉన్నానని ఇన్నాళ్ళూ పొరబడిన నా తరఫునా ఆకాంక్షిస్తున్నాను.

ఇక ఆయన మాటలు:

“నేనే చేశాను. ఆ ఊరెళ్ళి ముందు బళ్ళోకే వెళ్ళా. ఒకటో తరగతిలో డెబ్బై తొమ్మిది మంది. అందరికీ ఆరేళ్ళని హాజరు పట్టీలో ఉంది. పిల్లల్ని వయసు అడిగితే అందరూ ‘ఆరు!’ అని ఒకే గొంతుతో అరిచారు. ఎవరో నేర్పినట్టే. అందుకని వాళ్ళకో కోతి కథ చెప్పా. నవ్వుతారుగా, నవ్వితే పళ్ళు కనబడతాయి. ముప్పై ఎనిమిది మందికి ముందు పళ్ళు ఊడుతున్నాయి. మిగతా నలభై ఒక్క నోళ్ళు నిండుగా ఉన్నాయండీ, ఒక్క పాలపన్ను కదల్లేదు. ఐదేళ్ళ వాళ్ళు దొరికారనుకున్నా.

“పంతులమ్మ గారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. లెక్కలు రాసిందీ ఆవిడే కదా, మాస్టార్లకేగా ఆ పని వేస్తాం. ‘పళ్ళు లెక్కపెట్టావా బాబూ?’ అన్నారు. పెట్టానన్నా. ‘అయితే ఇటు కూడా లెక్కపెట్టు’ అని పక్కగదిలోకి తీసుకెళ్ళారు. నాలుగు, ఐదు తరగతులు. ఇరవై ముగ్గురు ఆడపిల్లలు. ‘వీళ్ళంతా వాళ్ళ అక్కలు. అమ్మానాన్నా పొలానికి పోతే చిన్నవాళ్ళని ఎవరు చూస్తారు? అక్క చూడాలి. అక్క బడికి రావాలంటే తమ్ముడు కూడా రావాలి. ఐదేళ్ళ వాణ్ణి చేర్చుకోకూడదని రూలు. అందుకే ఆరు చేశా. బళ్ళో ఆరని రాసి, మీ లెక్కల్లో ఐదని రాస్తే దొరికిపోతానని అక్కడా ఆరే రాశా. ఇప్పుడు దొరికాగా. నీ పని నువ్వు చెయ్యి, ఈ పిల్లల్ని రేపటినుంచి రావద్దని నేను చెప్పలేను, అది కూడా నువ్వే చెప్పు’ అన్నారు.

“చెప్పడానికి నోరు రాలేదు. అలాగని తప్పుడు అంకె అచ్చుకి పంపడానికి చెయ్యి రాలేదు. దారిలో మూడు పాయింట్ నాలుగు కిలోమీటర్లు నడుస్తూ ఆలోచించా. తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. పంతులమ్మ గారిదైతే అరవై నలుగురు పిల్లలు ఇంటికి పోతారు. నాదైతే ఒక కాగితం పడుతుంది. అంతే కదా లెక్క. పట్టికలో అంకె నిజం చేశా, దానికి కారణం ఒక్కటే అబద్ధం రాశా. ఆవిడ బతికి ఉన్నన్నాళ్ళూ చెప్పనన్నా, చెప్పలేదు. పోయినేడు వెళ్ళిపోయారు, ఎనభై ఎనిమిది పాయింట్ ఆరు.

“ఆ ఆడపిల్లలు ఇప్పుడు నలభై ఏడు దగ్గర ఉంటారు. పదేళ్ళకోసారి చూస్తున్నానుగా. చుట్టుపక్కల ఏ ఊరికీ ఆ అంతస్తులో అంతమంది చదువుకున్న ఆడవాళ్ళు లేరు. ఇక్కడ తగ్గితే పట్నం మేడలో వెతుక్కుంటాను, వెళ్ళి ఉంటారని.

“వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళ విషయమే కొంచెం బాధ. ఉద్యోగాలు చేస్తున్న వాళ్ళు ఒక ఏడాది ముందే రిటైరైపోతారు, పాపం. బడి పుస్తకంలో వాళ్ళు నాలుగులోంచి ఆరులోకి దూకారు. సర్టిఫికెట్లలో అంతే, ఇంట్లో కూడా ఈపాటికి మర్చిపోయి ఉంటారు. వాళ్ళ ఐదో ఏడు ఇంకెక్కడా లేదండీ. ఆ నలభై ఒక్క మందీ ఐదేళ్ళ పిల్లలుగా ఉన్నది ఒక్క నా పట్టికలోనే.”