ఇద్దరికీ ఒక క్రోటన్

ఎలక్ట్రికల్ షాపు. కౌంటరుకి అటు షాపాయన. ఇటు ఒక ఆయన, ఒక ఆవిడ. ఇద్దరి మధ్యా ఖాళీ స్టూలు.

"మొక్కకి ఊదా రంగు లైటు వద్దని ఆయనతో చెప్పండి అన్నయ్యగారూ."

"సార్ పక్కనే ఉన్నారు కదమ్మా..."

"మీరు చెప్పండి."

"సార్, ఊదా వద్దట."

"విన్నాను గురువుగారూ. నేను మాత్రం కావాలన్నానా? ఆ వెలుగులో మనుషులు మూడ్రోజుల శవాల్లా ఉంటారు. పైగా ఆవిడ బట్టలు కుడుతుంది. ఎర్ర గుడ్డకి నల్ల దారం ఎక్కించేస్తుంది."

"నా దారం సంగతి ఆయనకెందుకో కనుక్కోండి."

"అమ్మా, నన్ను వదిలెయ్యండి. ఇంతకీ ఏం మొక్క?"

"క్రోటన్."

"క్రోటన్."

"హమ్మయ్య, ఒక్క మాట కలిసింది. క్రోటన్‌కి వెలుగు బాగా కావాలి, లేకపోతే రంగులు పోయి ఆకులు పచ్చబడి రాలిపోతాయి. మొక్కలకని అమ్మే ఆ ఖరీదైన ఊదా లైటే అక్కర్లేదమ్మా. ఇదిగో, మామూలు తెల్ల ఎల్.ఈ.డీ. చవక. క్లిప్పు ఉంది, మెడ ఎటంటే అటు వంగుతుంది. ఆకులకి జానెడు ఎత్తులో పెట్టి రోజూ పన్నెండు గంటలు వెలిగించండి. ఇంట్లో ఎక్కడ పెడతారు?"

"ఏ ఇంట్లో గురువుగారూ?"

"మీ ఇంట్లోనే సార్."

"నా ఇంట్లోనా, ఆవిడ ఇంట్లోనా?"

"మీరిద్దరూ..."

"విడిపోయి ఏడాది దాటింది అన్నయ్యగారూ. మంచాలు, గిన్నెలు, ఫ్యాన్లు అన్నీ పంచుకున్నాం. మొక్కని పంచడం కుదర్లేదు. కోస్తే చస్తుంది కదా!"

"అందుకని వారం నాది, వారం ఆవిడది. ఆదివారం పొద్దున్న కుండీ చేతులు మారుతుంది."

"కోర్టు చెప్పిందా సార్?"

"జడ్జిగారు ముందు నవ్వారు. మేం నవ్వలేదని తెలిశాక కాగితం మీద రాయించారు."

"మరి రెండిళ్లలోనూ కిటికీ లేదా?"

"నాకుంది. తెరిస్తే పక్కింటి గోడ. ఆయన ఫొటో స్టూడియో వెనక గదిలో ఉంటారు, అక్కడ గోడ కూడా కనిపించదు. టైమరు కూడా ఇవ్వండి. ఆయనకి లైటు ఆర్పడం గుర్తుండదు."

"గుర్తుంటుందని చెప్పండి."

"గుర్తుంటుందటమ్మా."

"నిరుడు గ్యాసు పొయ్యి ఎవరు ఆర్పలేదో అడగండి."

"అడగను! సార్, వెనక గోడౌన్లో చీకటిగా ఉంటుంది. కాస్త వెళ్లి ఈ లైటు వెలిగించి చూసుకురండి. నాకూ ఊపిరాడుతుంది."

"సరే గురువుగారూ, ఇటివ్వండి."

"వెళ్లారా అన్నయ్యగారూ?"

"వెళ్లారమ్మా."

"తలుపు?"

"వేసుంది."

"ఒక్క మాట, మీలోనే ఉంచుకోండి. ఆ మొక్క పోయింది."

"ఏ మొక్క?"

"అదే. నా వారంలోనే. జ్వరమొచ్చి పడుకున్నాను, చుక్క నీళ్లు పోసిన పాపాన పోలేదు. లేచి చూస్తే పుల్ల. అచ్చం అలాంటిదే దొరికేదాకా ఊరంతా తిరిగి, అదే కుండీలో పెట్టి ఆయనకిచ్చేశాను. ఆయన కనిపెట్టలేదు."

"పోనీలెండి. చెప్పేస్తే సరిపోయేది కదమ్మా?"

"చెప్పేస్తే మొక్క లేనట్టే కదా. మొక్క లేకపోతే ఆదివారం ఆయన దేనికొస్తారు?"

"అదా సంగతి!"

"అందుకే అన్నయ్యగారూ, గట్టి లైటివ్వండి. ఇది కూడా పోకూడదు. ఇంకోటి వెతికే ఓపిక లేదు... వస్తున్నట్టున్నారు. నేను ఆటో పిలుస్తాను."

"బాగుంది గురువుగారూ, ఇదే కట్టండి. ఆవిడేది?"

"ఆటో కోసం వెళ్లారు సార్."

"చెప్పేసిందా?"

"ఏంటి సార్?"

"మొక్క పోయిందని."

"అబ్బే! నాకేం... ఏ మొక్క? నాకేం తెలీదు సార్."

"మీకు అబద్ధం చెప్పడం చేతకాదు గురువుగారూ. చెవులు ఎర్రబడ్డాయి."

"అయితే మీకు తెలుసా?"

"తెలీకేం. ఆవిడ దగ్గర పోయింది నేను కొన్నది. అసలుది అంతకుముందే నా గదిలో పోయింది."

"ఇద్దరూ ఇద్దరే! మరి ఆవిడ మార్చినట్టు మీకెలా తెలిసింది సార్? అచ్చం అలాంటిదే తెచ్చానన్నారు కదా ఆవిడ?"

"కాడకి కట్టిన నర్సరీ చీటీ తియ్యడం మర్చిపోయింది."

"అడగలేదా మీరు?"

"ఏమని అడుగుతాను? మళ్లీ తన చేతికి వెళ్లేలోపు చీటీ నేనే తెంపేశాను. చూసుకుంటే నొచ్చుకుంటుంది."