అపెండిక్స్ పేరు మీద వచ్చిన గిన్నెలు

మినిసోటాలో ఓ చిన్న ఊరు. ఆదివారం మధ్యాహ్నం. మార్లిస్ గారింటి ముందు ఆగిన కారులో అమ్మమ్మ ఆర్డిస్, పదహారేళ్ళ మనవరాలు ఆనికా. వెనక సీటు నిండా కడిగి తెచ్చిన గాజు గిన్నెలు.

"దిగవే తల్లీ. గిన్నె ఇచ్చి థాంక్స్ చెప్పి రావడానికి ఇంత ఆలోచనా?"

"నువ్వెళ్ళు అమ్మమ్మా. నాకు... కుట్లు లాగుతున్నాయి."

"ఇందాక మెట్లన్నీ గెంతుకుంటూ దిగావుగా! ఏ పక్క?"

"ఈ పక్క."

"అది ఎడమ."

"అద్దంలో చూస్తే కుడే."

"చాల్లే. ఆపరేషనైనవాళ్ళకి అందరూ వండి పంపాలి, తిన్నవాళ్ళే గిన్నె తిరిగివ్వాలి. మన చర్చిలో అదే పద్ధతి. మాంసం, కూరలు గిన్నెలో బేక్ చేసి, పైన బంగాళాదుంపలు పేర్చి మరీ పంపింది మార్లిస్ ఆ హాట్‌డిష్."

"నేనే మింగానుగా మొత్తం. ఊరంతా కలిసి నా అపెండిక్స్‌ని మేపారు. అది కడుపులో హాయిగా కూర్చుని తింది."

"కూర్చుని తినడమేమిటే? తీసేశారుగా?"

"అమ్మమ్మా, హీటర్ కాస్త తగ్గించవా?"

"ఆనికా!"

"తియ్యలేదు. అసలు దాని జోలికే ఎవరూ పోలేదు. ఫార్గో ఆస్పత్రిలో నేనున్నది మనసు డాక్టర్ల వార్డులో. బతకాలని లేదని స్కూల్లో కౌన్సెలర్ దగ్గర అనేశాను. అదీ లెక్కల పరీక్ష ఎగ్గొడదామని వెళ్ళి! ఏడుపు కూడా ప్లాన్ ప్రకారం రాదు నాకు."

"ఇప్పుడెలా ఉంది? వేళాకోళం మాని చెప్పు. నాకు భయమేస్తోంది."

"నయమే. బతకాలని ఉంది. హాట్‌డిష్ మాత్రం మళ్ళీ తినాలని లేదు."

"మరి మీ అమ్మ అపెండిక్స్ అని ఎందుకు..."

"అపెండిక్స్ అంటే గిన్నెలొస్తాయి. దీనికెవరు తెస్తారు? స్కూల్లో అయితే ఏ బాధా లేదు. భోజనాల దగ్గర ఎవరి మాత్రలు ఏ రంగో చెప్పుకుంటాం. అక్కడ నేను మామూలు మనిషిని. చర్చికొస్తే అపెండిక్స్‌ని."

"ఫోన్ నిండా స్నేహితులేగా నీకు?"

"ఉన్నారు, అందరూ నాకంటే బాగున్నారు. పడుకునేదాకా అదే చూస్తాను. లేచాక, తెల్లారేసరికి ఇంకెంత బాగుపడ్డారో చూస్తాను. నా అంత శ్రద్ధగా చదివితే ఎవరైనా డాక్టరైపోతారు."

"మా కాలంలో వీధంతటికీ ఒకటే ఫోన్ లైను. ఫోన్లో ఏడిస్తే ఇరుగూపొరుగూ వినేవాళ్ళు. అందుకని ఏడవడం మానేశాం. గట్టివాళ్ళమని పేరొచ్చింది."

"నేనూ మానెయ్యనా?"

"వద్దు. వట్టి పేరే, ఇంకేం రాలేదు."

"ఇప్పుడావిడ 'కుట్లెలా ఉన్నాయమ్మా' అంటే ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పు."

"అమ్మ చంపేస్తుంది! ఆవిడేమో 'అయ్యో, అలాగా' అని తలుపేసుకుంటుంది. గిన్నె పుచ్చుకుంటుందో లేదో కూడా తెలీదు."

"నేనూ దిగుతాను. ముందు నాది చెప్తాను, తర్వాత నీది చెబుదువుగాని."

"నీదేముంది చెప్పడానికి?"

"పదిహేడో ఏట నన్నూ పంపారే ఫార్గోకి. 'అపెండిక్స్, చూడ్డానికెవరూ రావద్దు' అని మా అమ్మ చర్చిలో చెప్పింది. ఇంటికొచ్చేసరికి బల్ల నిండా గిన్నెలు. మార్లిస్ వాళ్ళమ్మా తెచ్చింది."

"కానీ నీకు... నీకు నిజంగానే తీశారు కదా?"

"ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకొచ్చాను. మీ తాతయ్యకీ అదే, మీ అమ్మకీ అదే. చెప్పి చెప్పి నేనూ నమ్మేశాననుకో. పోయినేడు నా కడుపు స్కాన్ తీసిన కుర్ర డాక్టరు, 'ఈ వయసులో కూడా మీ అపెండిక్స్ భేషుగ్గా ఉందండీ' అన్నాడు."