వర్డ్ ఫైలా, కోడా?

కూతురు పనిచేసే ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితాలు ఇకపై కంప్యూటరే తయారుచేస్తుందట. వాటికి నమూనా ఏ పద్ధతిలో ఉండాలో ఆ ఉదయమే ఆమె తేల్చి చెప్పాలి. ఆమె చెప్పులు వేసుకుంటుంటే తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“నీ ఉద్యోగం మీదికేమీ రాదు కదే?”

“రాదమ్మా. రెండు దారులున్నాయి. నమూనాను వర్డ్ ఫైల్లో పెడితే మా గుమాస్తాలే మార్చుకోగలరు. కోడ్‌లో, అంటే కంప్యూటరు భాషలో రాస్తే అచ్చు ముచ్చటగా వస్తుంది, కానీ చిన్న మాట మార్చాలన్నా నేనే ఉండాలి.”

“అయితే కోడే రాయి! నువ్వు లేనిదే గడవదంటే నిన్నెవరూ తీసెయ్యరు.”

“సెలవు కూడా ఇవ్వరు.”

“నీకెందుకే సెలవు? జ్వరమొచ్చినా ఇంట్లో ఆగవు కదా!”

“ఈసారి నెలల తరబడి కావాలి.”

“నెలల తరబడా! ఏం రోగమే తల్లీ? అల్లుడికి తెలుసా? ఇద్దరూ కలిసి నా దగ్గర దాస్తున్నారా?”

“రోగం కాదమ్మా. నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావు. డాక్టరమ్మ నిన్ననే చెప్పింది. నీకు చెబితే రాత్రంతా నిద్రపోవని ఆగాను.”

తల్లి కూతురి భుజం మీది సంచీ లాక్కుంది.

“ఆ వర్డే పెట్టు. గుమాస్తాలకి ఇవాళే నేర్పెయ్. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పు, కోప్పడకు.”

“సరేలే. సంచీ ఇలా ఇవ్వు.”

“ఇంత బరువా! బస్సుదాకా నేనే మోస్తాను. మెట్లు కూడా నేనే ముందు దిగుతాను. నువ్వు జారినా నా మీదే పడతావు.”