తోక కొయ్యని ఎంజైమ్

స్కాట్లాండ్‌లోని డండీ. ఒక పరిశోధనశాలలో శీతల గది పక్కనున్న ఇరుకు గది. ప్రొఫెసర్ మోర్వెన్, ఆమె దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఫర్గస్. మధ్యాహ్నం మూడు.

"తోక కోశావా, కొయ్యలేదా? అదొక్కటే చెప్పు ఫర్గస్."

"నోట్‌బుక్‌లో రాశానుగా మోర్వెన్."

"చదివాను. కళ్ళజోడు పెట్టుకుని, దాని ముందు భూతద్దం పట్టుకుని మరీ చదివాను. చీమలు పాకినట్టుంది. మొదటి ఏడాది పేజీకి పదిహేను వరసలు రాసేవాడివి, ఇప్పుడు నలభై. కాగితం పొదుపు చేస్తున్నావా?"

"అలవాటైపోయింది."

"కోశానని రాశావు. జెల్ మీద గీత మాత్రం వేరే మాట చెబుతోంది. తోక పోతే బరువు తగ్గి గీత కాస్త కిందికి దిగాలి. ఇది పైనే కూర్చుంది. సెంగా చూపించేదాకా నాకూ తెలీలేదు."

"సెంగాకి నా మీద కోపం."

"ఉండదా మరి? ముప్ఫై ఏళ్ళుగా ఈ ల్యాబ్‌ని మోస్తున్న మనిషి. రెండు నెలల్నించి నీ పిపెట్ పనంతా ఆమె చేతే చేయిస్తున్నావట. 'దొరగారి చేతులు కందిపోతాయి కాబోలు' అంటోంది."

"రాసే పని ఎక్కువైంది. అందుకని..."

"ఏం రాస్తున్నావు? ఆ చీమలేనా?"

"మీరు ఆ మాంసం బ్రైడీ తినండి, చల్లారిపోతోంది. ఫర్ఫార్ నుంచి తెచ్చారుగా."

"అది నీకోసం తెచ్చింది. మాట మార్చకు. సరే, ఇలా చేద్దాం. నేనేమీ తెలీని డాక్టర్ని అనుకో. క్లినిక్ నుంచి వచ్చాను. ఈ ఎంజైమ్ సంగతేంటో చెప్పు."

"నాకు పరీక్ష పెడుతున్నారా?"

"పెడుతున్నాను. చెప్పు."

"కణంలో సామాను పాడవుతూ ఉంటుంది. దాన్ని పారెయ్యాలంటే ముందు దాని మీద చీటీ అంటించాలి. ఆ చీటీ యుబిక్విటిన్. అంటించేది లైగేజ్. మనిషిలో అలాంటి లైగేజులు ఆరొందలదాకా ఉన్నాయి. ఎవరి సామాను వాళ్ళది, ఎవరి పని వాళ్ళది."

"మనం చూస్తున్న లైగేజ్ పనేంటి?"

"పాడైన మైటోకాండ్రియాకి చీటీ అంటించడం. అది మానేస్తే మెదడులో కదలికల్ని నడిపే కణాల్లో ఆ చెత్త పేరుకుపోతుంది. కణాలు చచ్చిపోతాయి. చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వస్తుంది."

"దాని ఆకారం చెప్పు."

"మామూలప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. చీటీ పట్టుకునే చోటుని తనే మూసేసుకుంటుంది. పిలుపొచ్చి ఒక గుంటలో ఆనుకుంటే, అప్పుడు చేతులు విప్పుతుంది."

"క్లినిక్ వాళ్ళు పేర్లు లేకుండా పంపిన పద్నాలుగో నంబరు, పదిహేనో నంబరు మనుషుల్లో?"

"ఒక్క అమైనో ఆమ్లం మారింది. సరిగ్గా ఆ గుంటలోనే."

"ఇప్పుడు తోక సంగతి చెప్పు."

"అది మనం కట్టిందే. ఎంజైమ్‌ని బ్యాక్టీరియాలో పెంచుతాం కదా, ఆ కలగాపులగంలోంచి దీన్నొక్కదాన్నే పట్టి లాగడానికి. లాగాక కోసెయ్యాలి."

"కొయ్యకపోతే?"

"కొయ్యకుండా ఎవరూ వదలరు."

"కొయ్యకపోతే ఏమవుతుంది ఫర్గస్?"

"ఆ తోక మడతలో ఇరుక్కుంటుంది. చేతులు కట్టుకోనివ్వదు. పిలుపు రాకపోయినా ఎంజైమ్ పనిచేస్తూనే ఉంటుంది."

"అంటే పిలుపు అసలు వినపడని ఎంజైమ్ కూడా..."

"మంచిదానిలాగే కనిపిస్తుంది."

"ఈ మార్పుతో ప్రమాదం లేదని మొన్న గురువారం క్లినిక్‌కి ఉత్తరం పంపాం. కింద సంతకం నాది."

"పొరపాటైంది. మర్చిపోయాను."

"నువ్వా? కొత్తగా చేరిన ప్రతివాళ్ళనీ శీతల గదిలో నిలబెట్టి 'తోక కొయ్యి, జెల్ మీద చూడు, తర్వాతే మాట్లాడు' అని చెప్పేది నువ్వే. సెంగా నిన్ను తోకల మాస్టారు అంటుంది."

"మనిషన్నాక ఒకసారి..."

"ఇందాక ఫ్రీజర్ తెరిచాను. అడుగు అరలో, వెనకాల పెట్టెలో, కోసిన బ్యాచ్‌లు మూడున్నాయి. తారీఖులు చూశాను. మూడూ ఉత్తరానికి ముందువే. పరీక్షించావా వాటిని?"

"మీరు కూర్చోండి ముందు."

"నేను నిలబడే ఉంటాను. పరీక్షించావా?"

"మూడింటినీ. ఒక్కోదాన్నీ రెండేసిసార్లు."

"ఏమైంది?"

"పిలుపు ఇచ్చినా కదల్లేదు. రెట్టింపు ఇచ్చాను, అయినా కదల్లేదు. ఒక్క చీటీ కూడా అంటించలేదు."

"అది తెలిసీ తోకున్న దాని ఫలితం తెచ్చి నా బల్ల మీద పెట్టావు."

"పెట్టాను."

"ఎందుకు? గ్లాస్గోలో ఉద్యోగం వచ్చేలా ఉంది కదా, ఈ పని తొందరగా వదిలించుకుందామనా?"

"అలాగే అనుకోండి."

"అనుకోమంటావేంటి? నీకు సిగ్గుగా లేదూ? నీ గురించి ఎంతమందికి గొప్పగా చెప్పాను. నా తర్వాత ఈ ల్యాబ్ నీదే అనుకున్నాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ప్రమాదం లేదంటే వాళ్ళు హాయిగా ఉంటారు కదా, మోర్వెన్."

"ఎవరు?"

"ఆ ఇద్దరూ. మందు లేని జబ్బు. వస్తుందని ముందే తెలిసి ఏం చేస్తారు? పొద్దున్న లేచిన దగ్గర్నించి చేతులు చూసుకుంటూ బతకాలి. ముందు రాత ముడుచుకుపోతుంది. తర్వాత చొక్కా బొత్తాలు. ఆ తర్వాత టీ కప్పు. కొన్నేళ్ళపాటైనా ఆ భయం లేకుండా ఉండనిద్దామనుకున్నాను. తప్పే. కానీ అలాగే అనుకున్నాను."

"వాళ్ళ బతుకులో ఏం తెలియాలో, ఏం తెలియకూడదో నువ్వెవరివయ్యా తేల్చడానికి?"

"తెలుసు. నేనెవర్నీ కాను."

"మందు లేదని నీకెవరు చెప్పారు?"

"ఎక్కడుంది?"

"ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఈ లైగేజ్ చేతులు బలవంతంగా విప్పించే బిళ్ళ. పనిచేస్తుందో లేదో దేవుడికి తెలియాలి. వణుకు ఇంకా మొదలవ్వని వాళ్ళకే ఇస్తారు. కణాలు పోయాక ఇచ్చి ఏం లాభం? పొద్దున క్లినిక్ నుంచి డాక్టర్ ఇన్నెస్ ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు?"

"నాకు కృతజ్ఞతలు చెప్పాడు. మీ ఉత్తరం మంచి సమయానికి వచ్చింది, ఆ ఇద్దర్నీ జాబితాలోంచి తీసేస్తున్నాం, ఆ చోట్లు వేరేవాళ్ళకి ఇస్తాం అన్నాడు. నేను సంతోషించాను కూడా. ఆ తర్వాత గంటకి సెంగా ఆ జెల్ పట్టుకొచ్చింది."

"పదిహేనుని కూడా తీసేశారా?"

"ఇద్దర్నీ. ఇవాళ నాలుగింటికి జాబితా మూసేస్తారు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు."

"ఇప్పుడు టైమెంత?"

"మూడూ ఇరవై."

"నాకు చెప్పలేదేం? బిళ్ళ ఉందని నాకెవరూ చెప్పలేదేం?"

"నీకెందుకు చెబుతారు? మన దగ్గరికి వచ్చేవి నంబర్లు. ఎవరి సంగతీ మనకి చెప్పరు."

"ఫోన్ చెయ్యండి మోర్వెన్."

"చేస్తాను. నీ నోటితో నిజం విన్నాకే చెయ్యాలనుకున్నాను, విన్నాను. ఫోన్ పెట్టేశాక పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి నీ సంగతి కూడా చెబుతాను. ఆ గ్లాస్గో ఉద్యోగం మర్చిపో."

"చెప్పండి. అన్నీ చెప్పండి. ముందు ఫోన్ చెయ్యండి."

"ఇదుగో, ఇన్నెస్ నంబరు. నువ్వు నొక్కు, నా కళ్ళజోడు బల్ల మీద ఉండిపోయింది."

"మీరే నొక్కండి."

"చిన్న అంకెలు, కనపడవంటున్నానుగా."

"నేను చదువుతాను, మీరు నొక్కండి. సున్నా, ఒకటి, మూడు..."

"ఏంటయ్యా నీ మొండితనం. సరే, చదువు."

"ఎనిమిది, రెండు... ఆ, అంతే. ఆఖరికి ఏడు."

"మోగుతోంది. కోసిన బ్యాచ్‌ల కాగితాలు తీసి పెట్టు. పాత ఉత్తరం తప్పని చెప్పి, ఇద్దర్నీ తిరిగి చేర్చమంటాను."

"పదిహేనుని చేర్చమనండి. పద్నాలుగు వద్దు."

"అదేంటి? ఇద్దరిదీ ఒకటే మార్పు."

"పద్నాలుగుకి మొదలైపోయింది. క్లినిక్‌లో ఇంకా చెప్పలేదు. ఆ చోటు ఇంకెవరికైనా పనికొస్తుంది."

"నీకెలా తెలుసు? వాళ్ళ పేర్లు నాక్కూడా తెలీవు ఫర్గస్."

"పదిహేను పేరు ఐలీ. ఇరవయ్యారేళ్ళు. మా చెల్లెలు. పద్నాలుగు ఎవరో తెలియాలంటే, ఆ భూతద్దం పెట్టుకుని నా నోట్‌బుక్ మళ్ళీ మొదటి పేజీ నుంచి చూడండి."