పుట్టింటికి పంపేది లేదు

కారు డోరు వేసెయ్ బావా. ఎంతసేపు పట్టుకోనుంటావు దాన్ని? నీ కూతురు స్రవంతి రాదు. నా కోడల్ని నేను పంపను.

గాజులు తెచ్చినావు, పరుపు తెచ్చినావు, మంచిదే. ఏడో నెల పడతానే పుట్టింటికి తోడకపోవాలని నాకు మాత్రం తెలీదా? అయినా గూడూరు ఈడుండాదా? దోవలో మళ్లీ నెత్తురు పడితే ఏం చేస్తావు? నీ నిమ్మకాయల మండీలో పండబెడతావా?

కోప్పడు. మొన్న ఆ నెత్తురు చూసినప్పటి నుంచి నాకు ఎవరి మాటా తగలడం లేదు.

పాలక్యాన్లు ఎత్తించినామనుకుంటాండావా? మా పలమనేరు ఇంట్లో ఆ పాప చెంబు కూడా ఎత్తలేదప్పా! శనక్కాయలు తింటా కూర్చోనుండింది. లేచింది. కుర్చీ అంతా ఎరుపు. నొప్పి లేదు మామా అనింది. నొప్పి లేదంటే భయమేం లేదనుకున్నాం మేం. ఎంత తెలివో చూడు!

మా ఇంటిది కుప్పమ్మ మంత్రసానికి కబురు పెట్టింది, చెయ్యి పెట్టి చూస్తాదని. ఆవులకు చూడమా, అట్ల. నీ అల్లుడే ఒప్పుకోలేదు. ఈ తిరుపతి ఆసుపత్రికి ఎత్తుకొచ్చినాడు.

డాక్టరమ్మ ఏందో చెప్పింది. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా లేచేది లేదని ఆమె ముందర కూర్చున్నాను. విసుగొచ్చి బొమ్మ గీసింది. కాన్పయినాక పడే మాయ ఉండాదే, అది గర్భసంచిలో పైన అంటుకోనుండాలంట. ఈ పాపకు కింద, బిడ్డ వచ్చే దోవకు అడ్డంగా ఉండాది. కడుపు పెరిగి సంచి సాగేకొద్దీ దాని అంచు ఊడతాదంట. నెత్తురొస్తాది. నొప్పి ఉండదు. చెయ్యి పెట్టుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయుండేవాళ్లు.

మాయ పైకి జరిగినా జరగొచ్చంట. లేదంటే కోసి తీస్తారు. అందాకా ఆసుపత్రి పక్కనే ఉండాల. వీధి అవతల గది మాట్లాడినాను. ఆ పరుపు అందులో వేద్దాం.

ఏమంటివి? మరి కారు తెమ్మని ఫోన్ ఎందుకు చేసినావనా?

చేసినాను. ఆ బొమ్మ చూడకముందు చేసినాను. ఏమన్నా అయ్యేదుంటే నీ ఇంట్లో కానీ అనుకున్నాను. మా గడపలో వద్దు, జనం నిన్నే అంటారులే అనుకున్నాను.

అంతే బావా. తిట్టేదుంటే ఈడనే తిట్టు. లోపల పాప నిద్రపోతాంది.