చూసి రాసిన ఫారం

కూర్చోనంటే కూర్చోను. మర్యాద కోసం అంటున్నావు, నాకు తెలుసమ్మాయ్. కానీ ఆ కుర్చీకి ముందు కాలు ఒకటి పొట్టి. అర్జీలు పట్టుకొచ్చేవాళ్ళు తిష్ట వేస్తున్నారని, దాన్ని బాగు చేయించొద్దన్నది నేనే. నేను రిటైరై మూడేళ్ళయింది. ఇంకా అలాగే ఉంచారా? ఔరా!

సరే, ఇదుగో హెల్త్ కార్డు. పొద్దున ఆస్పత్రి కౌంటర్లో కుర్రాడు దీన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇందులో మీ ఒక్కరి పేరే ఉంది సార్, పేషెంటు పేరు లేదు" అన్నాడు.

పేషెంటు ఎవరు? మా ఆవిడ. గుండెలో కవాటం పాడైందట. ఈ నెలలోపే మార్చాలట. నేనేమో గుండ్రాయిలా ఉన్నాను, తుమ్ము కూడా రాదు. కార్డేమో నాకు, జబ్బేమో ఆవిడకి. ఏం న్యాయమమ్మా ఇది?

రూలా? రూలు నాకు చెప్తున్నావా? నీకు నేర్పిందెవరు? రిటైరయ్యేటప్పుడు రెండు ఆప్షన్లు. ఒకటోది తనకు మాత్రమే. రెండోది భార్యాభర్తలిద్దరికీ. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. మార్చుకోవాలంటే ఆరు నెలలు గడువు, ఆ తర్వాత ఇంతే సంగతులు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఊరికే రూళ్ళకర్ర అని పేరు పెట్టారా నాకు మీరంతా? తెలీదనుకున్నారేమో.

బయట ఇన్సూరెన్స్ కంపెనీలా? అవీ అయ్యాయి. నున్నగా దువ్వుకున్న ఏజెంటు ఒకడు ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, ముందే ఉన్న జబ్బయితే మూడేళ్ళు ఆగాలండీ అన్నాడు. మూడేళ్ళు ఆగే జబ్బయితే నిన్నెందుకు పిలుస్తానురా అన్నాను. వాడు నవ్వాడు. మా ఆవిడా నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది, గోడ పట్టుకుంది.

అదేంటి, ఆ బీరువా ఎందుకు తెరుస్తున్నావ్? పాత ఫైలా? తూనికల ఇన్‌స్పెక్టరుదా? వద్దు, తియ్యకు.

తీశావా. చదవక్కర్లేదులే, నాకు కంఠతా వచ్చు. ఏడో నెలలో వచ్చాడు పాపం, పొరపాటైంది, భార్య పేరు చేర్చండి బాబూ అని. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు, పొట్టి కాలు వైపు ఒరిగిపోతూ. "అజాగ్రత్త కారణం కానేరదు. ఆప్షన్ తుది. తిరస్కరించవచ్చు." నా రాతే. ముత్యాల్లా లేవూ అక్షరాలు? పై ఆఫీసరు ముచ్చటపడి మరీ సంతకం పెట్టాడు. ఇప్పుడు దాన్నే చూపించి నా అర్జీ కొట్టేస్తారంటావు. కొట్టేస్తారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

నా ఫారంలో ఇలా ఎలా జరిగిందనేగా నీ అనుమానం? ఆ టేబుల్ అద్దం కింద చూడు. నమూనా ఫారం. అది నేను జీపు డ్రైవరు కోసం రాసింది. అతని భార్య పోయింది. అందుకే కుటుంబం అన్న గడిలో "వర్తించదు" అని రాసి, ఒకటో ఆప్షన్‌కి టిక్కు పెట్టాను. శుభ్రంగా వచ్చిందని అద్దం కింద పెట్టుకున్నాను. ఎవరొచ్చినా అదే చూపించేవాణ్ణి. కుటుంబం గడీ, ఆప్షన్ టిక్కూ మీవి మీరు నింపుకోండి, మిగతాది చూసి రాయండి, సొంత తెలివి వాడకండి అనేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు మొత్తం చూసి రాసేశాడు. ఎన్ని తిట్లు తిట్టానో!

చివరి రోజు నా వంతు వచ్చింది. పక్క గదిలో నా వీడ్కోలు సభ, మైకులో ఎవరో హలో హలో అంటున్నారు. ఐదు నిమిషాల్లో నింపేశాను. "వర్తించదు" అని చెయ్యే రాసేసింది. పిసినారితనం కాదమ్మా, ఒట్టు. ఆ గడి దగ్గర ఆవిడ గుర్తు రాలేదు. ముప్పై నాలుగేళ్ళు నాకు క్యారేజీ కట్టిన మనిషి, ఆ ఒక్క నిమిషం గుర్తు రాలేదు.

కార్డు ఒకటే వచ్చింది. నాదేది అంది. వేరే వస్తుందిలే అన్నాను.

ఏంటా కాగితం? పునఃపరిశీలన కమిటీకా? ఇలాంటిది ఒకటుందా ఇప్పుడు? మా కాలంలో లేదే. అయితే ఆశ ఉందన్నమాట! ఏదీ, కళ్ళజోడు... "పొరపాటు దరఖాస్తుదారు దృష్టికి వచ్చిన తేదీ." ఇదెందుకు? ఓహో, గడువు దాటాక తెలిసిన వాళ్ళవే తీసుకుంటారా.

ఆ తలుపు కొంచెం దగ్గరగా వెయ్యి. ఆవిడ బయట బల్ల మీదే ఉంది.

ఐదో నెలలోనే చూశాను తల్లీ. కార్డు వచ్చిన కవరు వెనక "ఒకరికి మాత్రమే" అని ఇంతింత అక్షరాలు. ఇంకా నెల రోజుల పైనే గడువుంది. రెండుసార్లు మీ గేటు దాకా వచ్చాను. లోపల మీరందరూ టీ తాగుతూ కనబడ్డారు. రూళ్ళకర్ర కూడా చూసి రాశాడట అని పగలబడి నవ్వుతారనిపించింది. ఆ ఇన్‌స్పెక్టరు కూర్చున్న కుర్చీలో నేను కూర్చోవడమా? వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. ఆవిడకెలాగూ ఏ జబ్బూ లేదులే అనుకున్నాను. ఇంటికెళ్ళి, ఆఫీసు వాళ్ళే నీ కార్డు పోగొట్టారని చెప్పాను. పాపం, అప్పట్నుంచీ మిమ్మల్నే తిట్టుకుంటోంది.

అలా చూడకు. ఏం రాయమంటావ్? నిజం రాస్తే ఇది ఇక్కడే చస్తుంది. "ఈ రోజే" అని రాస్తాను. నువ్వు వినలేదనుకో. నీకూ ఇరకాటమే, తెలుసు.

కింద భార్య సంతకం కూడా కావాలా? ఖర్మ. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకు అని ఆవిడకి నేర్పింది నేనే. ప్రతి గడీ వేలు పెట్టి చదువుతుంది. చదివి, ఆఫీసు పోగొట్టలేదా, మీరే రాయలేదా అని అడుగుతుంది. చెప్తాను. నాకూ ఈ రోజే తెలిసింది అని చెప్తాను. నమ్ముతుందమ్మా, అదే నా బాధ.

ఇటు లాగు ఆ కుర్చీ. కూర్చుంటాను. కలం ఇవ్వు.

చూడు, అక్షరాలన్నీ ఎలా వంకరపోతున్నాయో. కుర్చీ కదులుతోంది కదూ, అందుకే. ఆవిడ అడిగితే అదే చెప్పు తల్లీ.